ఒక్క పూట సూపర్ కంప్యూటర్ ఇప్పించండి: విశాఖ నుంచి ఒక బహిరంగ లేఖ

రాష్ట్రంలో ఉన్నత విద్య, శాస్త్ర సాంకేతిక వ్యవహారాలు చూసే గౌరవనీయులైన అధికారులకు, ప్రభుత్వ సూపర్ కంప్యూటర్ల మీద సమయం కేటాయించే కమిటీల సభ్యులకు,

నమస్కారాలు.

నేను విశాఖపట్నంలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 22 ఏళ్లయింది. నా దగ్గర ముగ్గురు పిల్లలు ప్లాస్మా సిమ్యులేషన్ మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. వాళ్లకు కంప్యూటర్ సమయం కావాలని ఏడాదిన్నరలో నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి 'పరిశీలనలో ఉంది' అని ఒక్క ముక్క వచ్చింది. మిగతా మూడింటికి అదీ రాలేదు. ఏ కార్యాలయం, ఏ కేంద్రం అన్నది ఇక్కడ రాయను, ఎవరినీ నలుగురిలో నిలబెట్టాలని లేదు. కానీ ఐదో ఉత్తరం కూడా అదే ఫైలులోకి చేరకూడదని దీన్ని అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు విషయం చెప్పనివ్వండి. ట్యూబులైటులో వెలిగేది ప్లాస్మా. షిప్‌యార్డులో ఇనుప పలకను కోసే నీలిమంట ప్లాస్మా. మెరుపు, సూర్యుడు, మన తలమీద వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణం, అన్నీ అదే. వాయువులోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతే మిగిలే స్థితి. దాని లోపల ఏం జరుగుతోందో కొలవడం చాలా కష్టం. కొలిచే కడ్డీని లోపల పెడితే కడ్డీ కరిగిపోతుంది, లేదా కడ్డీ వల్ల ప్లాస్మాయే మారిపోతుంది. అందుకే దాన్ని కంప్యూటర్లో కట్టి చూస్తాం. సిమ్యులేషన్ అంటే ఇదే.

ఎక్కువగా వాడే పద్ధతి పేరు పార్టికల్-ఇన్-సెల్. వినడానికి తేలికే. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు స్థలమంతా చుక్కలు పెడతాం. కణాలు ఆ చుక్కల మధ్య తిరుగుతుంటాయి. ఒక్కో కణం మోసే విద్యుదావేశాన్ని దగ్గరి చుక్కలకు పంచాలి. ఆ ఆవేశంతో ప్రతి చుక్క దగ్గరా విద్యుత్ క్షేత్రం ఎంతో లెక్కకట్టాలి. ఆ క్షేత్రం కణాన్ని ఎటు నెట్టిందో చూసి జరపాలి. మళ్లీ మొదటికి రావాలి. 1950ల చివర్లో కొన్ని వందల కణాలతో మొదలైన పద్ధతి ఇది.

తేలిక అన్నది ఇక్కడితో సరి. మా విద్యార్థిని ఒకమ్మాయి, టెక్కలి వైపు నుంచి వచ్చింది, పది సెంటీమీటర్ల పెట్టెలో ఉన్న ప్లాస్మాను లెక్కిస్తోంది. లోహపు పనిముట్ల మీద గట్టి పూత వేసే యంత్రాల్లో ఉండే రకం. ఘనపు మీటరుకు లక్ష కోట్లకు మరో 10 వేల రెట్లు ఎలక్ట్రాన్లు, వాటి ఉష్ణోగ్రత 2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాదాపు 23 వేల డిగ్రీలు. ఈ లెక్కన డెబై దూరం, అంటే ఒక ఆవేశం ప్రభావం ఎంత దూరం తెలుస్తుందో ఆ దూరం, మిల్లీమీటరులో పదో వంతు. చుక్కల మధ్య ఎడం అంతకు మించకూడదు. వల వేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వల కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. ఇక్కడ జారిపోవడంతో ఆగదు, లేని చేప పడినట్టు కూడా చూపిస్తుంది. చుక్కలు దూరంగా పెడితే ప్లాస్మా తనంతట తానే వేడెక్కినట్టు ఫలితం వస్తుంది. అది లెక్క పుట్టించిన వేడి, ప్రకృతిలో లేదు.

పది సెంటీమీటర్లకు మిల్లీమీటరులో పదో వంతు గళ్లు పెడితే అటు వెయ్యి, ఇటు వెయ్యి, మొత్తం 10 లక్షల గళ్లు. గడికి 100 ఎలక్ట్రాన్లు, 100 అయాన్లు (ఎలక్ట్రాన్ పోగా మిగిలిన పరమాణువులు) వేస్తే 20 కోట్ల కణాలు. కణాలను ఒకసారి జరిపే కాలపు అడుగు 35 పికోసెకన్లు మించకూడదు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). పది మైక్రోసెకన్ల కథ చూడాలంటే దాదాపు 3 లక్షల అడుగులు. అంటే కణాలను జరిపే పని 60 లక్షల కోట్ల సార్లు చేయాలి. ఒక కోర్, అంటే కంప్యూటర్లో లెక్క చేసే ఒక భాగం, సెకనుకు కోటి సార్లు చేయగలదనుకుంటే 69 రోజులు. మా గదిలోని 8 కోర్ల డెస్క్‌టాప్ మీద, కోర్లు కలిసి పని చేయడంలో పోయే సమయం కూడా కలిపితే, రెండు వారాలు, మధ్యలో కరెంటు పోకపోతే. ఇది ఒక్క రన్. పీడనం మార్చి, వోల్టేజి మార్చి కనీసం 30 రన్‌లు పెట్టాలి. 60 వారాలు.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేసి చూడండి. ఒక్కో రన్‌కు సుమారు 1,700 కోర్ గంటలు, అంటే ఒకే కోర్ అయితే 1,700 గంటల పని. 30 రన్‌లకు 50 వేలు. 20 వేల కోర్లున్న ఒక ప్రభుత్వ యంత్రానికి అది రెండున్నర గంటల పని. సమాంతరంగా నడిపితే పోయే నష్టం కలుపుకుని రెట్టింపు వేసుకున్నా ఐదు గంటలు. ఆ అమ్మాయి మొత్తం పీహెచ్‌డీ ఒక పెద్ద యంత్రానికి ఒక్క పూట పని. మేం నాలుగు ఉత్తరాల్లో అడిగింది ఆ పూటే.

దేశంలో యంత్రాలు లేవని నేను అనడం లేదు. పరమ్ 8000 అనే సూపర్ కంప్యూటర్ మనవాళ్లు 1991లోనే కట్టారు. 2015లో 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ మొదలైంది. 2019లో వారణాసిలో పరమ్ శివాయ్, తర్వాత బెంగళూరులో 3.3 పెటాఫ్లాప్‌ల పరమ్ ప్రవేగ, పక్క రాష్ట్రంలో సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీలో 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవ (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేస్తే ఒక టెరాఫ్లాప్, దానికి వెయ్యి రెట్లు పెటాఫ్లాప్). 2024 సెప్టెంబరులో పుణె, ఢిల్లీ, కోల్‌కతాల్లో మూడు పరమ్ రుద్రలు. చూస్తే గర్వంగానే ఉంటుంది. కోడ్‌కూ కొరత లేదు. 2022లో సూపర్ కంప్యూటింగ్ రంగంలో పేరున్న గోర్డన్ బెల్ బహుమతి వచ్చింది వార్ప్‌ఎక్స్ అనే ప్లాస్మా కోడ్‌తో చేసిన పనికి. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మా పిల్లలు దించుకున్నారు కూడా. కొరత ఉన్నది ఒక్కచోటే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల కింద చిన్న కళాశాలల్లో చదివే పిల్లలకు ఆ యంత్రాల తలుపు దగ్గర.

ఒక దరఖాస్తు సంగతి చెప్పాలి. మా కోడ్ 256 కోర్ల మీద సరిగ్గా నడుస్తుందని గ్రాఫు జతచేయమన్నారు. అడగడం న్యాయమే. ప్రజల సొమ్ముతో కొన్న యంత్రాన్ని అసమర్థమైన కోడ్‌కు ఎవరు ఇస్తారు? కానీ ఆ గ్రాఫు గీయాలంటే ముందు 256 కోర్లు ఉండాలి కదా. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టయింది. చివరకు ఆ అమ్మాయి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి, తెలిసినవాళ్ల ద్వారా ఒక ప్రయోగశాల క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) మీద రెండు రాత్రులు అడిగి తెచ్చుకుంది. తెలిసినవాళ్లు లేని పిల్లలు ఏం చేయాలి?

ఇందువల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. మొదటి నష్టం పిల్లల వయసుకు. ఫెలోషిప్ ఐదేళ్లు. అందులో ఏడాది పైగా ఒక డెస్క్‌టాప్ ముందు ఎదురుచూపులకే పోతే మిగిలేది ఎంత? పోయిన వేసవిలో మా అమ్మాయి రన్ పదో రోజున కరెంటు పోయింది. యూపీఎస్ ఇరవై నిమిషాలు మోసింది. అప్పుడు కంప్యూటర్ చెక్‌పాయింట్ ఫైలు, అంటే అప్పటిదాకా అయిన లెక్కను దాచుకునే ఫైలు, రాస్తూ ఉంది, సగం రాసిన ఫైలు పాడైంది. వెనకటి చెక్‌పాయింట్‌ను డిస్కులో చోటు లేక అంతకు ముందు రోజే తీసేసింది. మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత ఏం చేసిందంటే, భయంతో గడికి 100 కణాల బదులు 20 వేసి నడిపింది. కణాలు తగ్గితే లెక్కలో రొద పెరుగుతుంది. 100 ఉన్నప్పుడు పది శాతం ఉండే రొద 20కి దిగితే 22 శాతం అవుతుంది. పత్రికకు పంపితే సమీక్షకులు సరైన ప్రశ్నే వేశారు: గళ్లు, కణాలు పెంచి చూపండి, ఫలితం మారలేదని నిరూపించండి. నిరూపించడానికి యంత్రం లేక పేపరు వెనక్కి వచ్చింది. తప్పు ఆమె తెలివిలో లేదు. గదిలో ఉన్న పెట్టెలో ఉంది. ఈ పిల్లలు ఇంట్లో మొదటి తరం చదువుకున్నవాళ్లు. ఒక ఏడాది ఆలస్యమంటే ఇంటి దగ్గర ఒక చెల్లెలి చదువు ఆగడం. ఈ మాట ఏ దరఖాస్తు గడిలోనూ రాయడానికి చోటుండదు, అందుకే ఇక్కడ రాశాను.

2. రెండోది సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు. ఈ ఊరికి ప్లాస్మా కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు అయనావరణ పరిశోధనకు పునాది వేశారు. వాల్తేరు పేరు ఆ రంగం పత్రాల్లో దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. కారణం మనం ఉన్న చోటు. అయస్కాంత మధ్యరేఖ దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది, దానికి ఉత్తరంగా మనం. పొద్దు గుంకాక అయనావరణం అడుగు భాగం త్వరగా పలచబడుతుంది. పలచని దాని మీద చిక్కనిది నిలబడుతుంది. నీళ్ల మీద బరువైన ద్రవం పోస్తే ఎలా తలకిందులవుతుందో అలాగే కింది పలచన బుడగలై పైకి లేస్తుంది. ప్లాస్మా బుడగలంటారు. వాటి గుండా వచ్చే జీపీఎస్, మన దేశపు నావిక్ ఉపగ్రహాల సంకేతాలు నక్షత్రాల్లా మినుకుమంటాయి. మినుకు ఎక్కువైతే రిసీవరు ఉపగ్రహాన్ని వదిలేస్తుంది. మన వైపు ఇవి విషువత్తు నెలల్లో, అంటే మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరుల్లో ఎక్కువ. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో మరీ ఎక్కువ. ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే బోట్లు రాత్రిపూట దారి చూసుకునేది ఆ చిన్న జీపీఎస్ తెర మీదే. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిలబెట్టిన గగన్ వ్యవస్థకు కూడా అయనావరణం తెచ్చే తప్పును సరిదిద్దడమే ముఖ్యమైన పనుల్లో ఒకటి.

ఏ రాత్రి బుడగ లేస్తుందో ముందే చెప్పగలగడం ఇంకా ఎవరికీ పూర్తిగా చేతకాలేదు. దానికి దారి సిమ్యులేషనే. హుద్‌హుద్‌ను గుర్తు చేసుకోండి. 2014 అక్టోబరు 12. తుపాను మన దగ్గరే తీరం దాటుతుందని ముందే తెలిసింది కాబట్టి లక్షల మందిని ఖాళీ చేయించగలిగారు. అలా చెప్పగలిగింది కంప్యూటర్ల మీద నడిచిన వాతావరణ లెక్కల సాయంతో. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ సిమ్యులేషన్ విలువ వేరే చెప్పనక్కర్లేదు. నా రెండో విద్యార్థి ఈ బుడగల మీదే పని చేస్తున్నాడు. మూడు కొలతల్లో (పొడవు, వెడల్పు, ఎత్తు) లెక్కించాల్సింది రెండు కొలతల్లో లాక్కొస్తున్నాడు. మూడో కొలత మా యంత్రంలో పట్టదు.

3. ఇక్కడి పరిశ్రమలకు. షిప్‌యార్డు పలకల కోత, ఆసుపత్రి వ్యర్థాలను ప్లాస్మాతో కాల్చే పద్ధతి, పనిముట్ల మీద పూతలు, చిప్పుల మీద గీతలు చెక్కడం, ఇవన్నీ ప్లాస్మా పనులు. వీటి లెక్క తెలిసిన కుర్రాళ్లు ఈ ఊళ్లో తయారైతే ఉద్యోగాలు వాళ్లకే వస్తాయి. తయారు కాకపోతే బయటి నుంచి వస్తారు.

4. కరెంటు సంగతి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ సంలీన రియాక్టరులో (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే ప్రయోగ యంత్రం) 2005 నుంచి మన దేశం భాగస్వామి. దాని అతిపెద్ద భాగం, చల్లగా ఉంచే శూన్యపు పాత్ర క్రయోస్టాట్, మన దేశం ఇచ్చిందే. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య టోకమాక్, అంటే ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించే యంత్రం, 1989 నుంచి ఉంది. సంలీనంతో ఇంటికి కరెంటు రేపే వస్తుందని నేను ఎవరికీ చెప్పను, పిల్లలకూ చెప్పను. కానీ అంత సొమ్ము పెట్టిన దేశానికి ఆ ప్లాస్మాను లెక్కించగల మనుషులు కొన్ని వందల మందైనా కావాలి. వాళ్లు ఐఐటీల్లోనే పుట్టాలన్న నియమం లేదు కదా.

5. ఇది నష్టం కాదు, ఒక అపోహ. నష్టంగా మారకముందే చెబుతున్నాను. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో విశాఖలో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. మంచిదే. అప్పటినుంచి మేం ఎక్కడ కంప్యూటర్ సమయం అడిగినా, ఊళ్లోకే డేటా సెంటర్ వస్తోంది కదా, ఇంకా ఏం కావాలి అంటున్నారు. డేటా సెంటర్ ఒకటి, ప్రజా సూపర్ కంప్యూటర్ ఒకటి. ఏఐ చిప్పులు 16 బిట్లు, 8 బిట్ల చిన్న సంఖ్యలతో వేగంగా పని చేసేలా కడతారు. మాకు చాలా లెక్కల్లో 64 బిట్ల సంఖ్యలు కావాలి. మూడు లక్షల అడుగుల్లో ప్రతి అడుగునా చిన్న తప్పు చేరితే చివర శక్తి లెక్క తేలదు. పైగా మా కణాలు ఒక నోడు (సూపర్ కంప్యూటర్లోని ఒక కంప్యూటర్) నుంచి ఇంకో నోడుకు క్షణక్షణం దాటుతుంటాయి, నోడ్ల మధ్య తీగ వేగంగా లేకపోతే కోర్లన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగి కూర్చుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, అది ఒక సంస్థ సొంత ఆస్తి. అక్కడ సమయం కొనుక్కోవాలి. మా కళాశాల ఏడాది బడ్జెట్ ఎంతో మీకు తెలుసు.

ఇంకో మాట. ఈ ఊళ్లోనే ఒక చోట చిన్న క్లస్టర్ ఒకటి మూతపడి ఉంది. ఏసీ చెడిపోయింది, యూపీఎస్ బ్యాటరీలు పోయాయి, రెండేళ్లుగా తలుపుకు తాళం. ఉప్పుగాలికి బోర్డులు ఏమయ్యాయో చూసినవాళ్లు లేరు. యంత్రానికి డబ్బు మంజూరైంది, దాన్ని చూసుకునే మనిషి జీతానికి మంజూరు కాలేదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కొత్తది అడిగే ముందు ఉన్నదాన్ని బతికించమని అడగాల్సి వస్తోంది.

కాబట్టి మా కోరికలు:

1. ప్రభుత్వ సూపర్ కంప్యూటర్ల సమయంలో కొంత వాటా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, వాటి కింది కళాశాలలకు విడిగా ఉంచండి. వంద గంటల్లో ఐదు గంటలైనా చాలు. ఆ ఐదు గంటల కోసం ఐఐటీలతో మా పిల్లలు పోటీ పడనక్కర్లేకుండా ఉండాలి.

2. మొదటిసారి అడిగేవాళ్లకు 5 వేల కోర్ గంటలు ఒక్క పేజీ దరఖాస్తుతో ఇవ్వండి. గ్రాఫు ఆ గంటల్లో గీసుకుంటారు. ఆ గ్రాఫు బాగుంటేనే పెద్ద కేటాయింపు ఇవ్వండి, బాగోకపోతే కాదనండి. కాదన్నప్పుడు కారణం రాయండి. ఏదైనా 30 రోజుల్లో.

3. విశాఖలో మూతపడ్డ క్లస్టర్‌ను తెరిపించండి. ఇద్దరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లను పర్మినెంటుగా వేయండి. ఐదేళ్ల కరెంటు బిల్లు, మరమ్మతు ఖర్చు ముందే పక్కన పెట్టండి. దాన్ని ఒక కళాశాలకు అప్పగించవద్దు, శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఏ విద్యార్థి అయినా లాగిన్ అయ్యేలా చేయండి.

4. భూమి, రాయితీలు ఇచ్చి డేటా కేంద్రాలను పిలుస్తున్నప్పుడు ఒప్పందంలోనే ఒక షరతు పెట్టండి. స్థానిక విద్యాసంస్థల పరిశోధనకు ఏటా ఇన్ని గంటలు ఉచితం అని. అంకె వేయకుండా 'సహకరిస్తారు' అని రాస్తే దానికి విలువ ఉండదు.

5. ఎమ్మెస్సీ భౌతికశాస్త్రంలో సమాంతర ప్రోగ్రామింగ్ ఒక పేపరుగా పెట్టండి. ఇప్పుడు మా పిల్లలు ఎంపీఐ (చాలా కోర్లు కలిసి పని చేసేలా ప్రోగ్రామ్ రాసే పద్ధతి) నేర్చుకునేది వీడియోలు చూసి.

6. ఎవరికి ఎన్ని గంటలు ఇచ్చారో, క్యూలో ఎన్ని రోజులు ఆగారో మూడు నెలలకోసారి బయట పెట్టండి.

మా వైపు నుంచి మేం చేయగలిగింది కూడా చెబుతాను. మాకు ఇచ్చిన ప్రతి గంటకు లెక్క చూపిస్తాం. మా కోడ్, ఇన్‌పుట్ ఫైళ్లు, ఫలితాలు అందరికీ తెరిచి పెడతాం. క్లస్టర్ తెరిస్తే శని, ఆదివారాల్లో చుట్టుపక్కల కళాశాలల పిల్లలకు జీతం లేకుండా నేర్పడానికి నేను, ఇంకో ఇద్దరు అధ్యాపకులం సిద్ధంగా ఉన్నాం. మీలో ఎవరైనా వస్తే ఆ డెస్క్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఒక్క అడుగు ఎంతసేపు పడుతుందో చూపిస్తాను. సెకనులోపు ఏమీ కాదు, నాలుగైదు సెకన్లు పడుతుంది. అలాంటివి మూడు లక్షలు.

ఈ లేఖ మీకు చేరిన 30 రోజుల్లో జవాబు ఆశిస్తున్నాం. రాకపోతే పై ఆరో కోరికలోని వివరాల కోసం సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెడతాం. ఆ కాగితం మా విద్యార్థులే రాసి పెట్టుకున్నారు. ఈ రోజుకు ఆ అమ్మాయి రన్ పదకొండో రోజులో ఉంది.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు